నీ చేతి కట్ట ఏది?

ఇంటర్వ్యూ అనే మాట నేను ముసలితనంలో విన్నాను. ఆ పని మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా చేశాను. కోరుట్లలో ఒక బీడీల కార్ఖానాలో టేకేదారు, అంటే పని గుత్తకు తీసుకొని చేయించే ఆయన పక్కన కూర్చొని, కొత్తగా పని అడగడానికి వచ్చిన ఆడపిల్లల చేతులు చూసి, ఉంచాలో పంపాలో చెప్పేదాన్ని. ఉంచిన వాళ్ళలో చాలామంది నన్ను తిట్టుకున్నారు. పంపిన వాళ్ళు తప్పకుండా తిట్టుకొని ఉంటారు.

నేను చదివింది మూడో తరగతి. మా మనవరాలు అఖిల కాలేజీ నోటుబుక్కుల్లో వెనక తెల్లకాగితాలు చాలా మిగిలాయి. వాటి మీద రాస్తున్నాను. మొదటి ఉద్యోగానికి పోయే పిల్లల కోసం ఇది. బీడీల సంగతి తెలియకపోయినా నష్టం లేదు. తాగమని చెప్పడం లేదు. నేనూ ఎప్పుడూ తాగలేదు.

అత్త చుట్టిన కట్ట

మా పుట్టిల్లు సిరిసిల్ల. మరమగ్గాల ఇల్లు. బడి మానినప్పటి నుంచి పెళ్ళయ్యేదాకా కండెలు చుట్టాను. కండె అంటే మగ్గం నాడెలో పెట్టే దారపు పుల్ల. పెళ్ళయి కోరుట్ల వచ్చిన నెల రోజులకు మా అత్త లచ్చవ్వ నన్ను కార్ఖానాకు తీసుకుపోయింది.

పని కావాలంటే తన చేత్తో చుట్టిన ఒక కట్ట తెచ్చి చూపించాలి. కట్ట అంటే ఇరవై అయిదు బీడీలు. నాకు బీడీ చుట్టడం రాదు. అందుకని మా అత్తే ఒక కట్ట చుట్టి, నా కొంగున కట్టి, "నేనే చేసిన అని చెప్పు, ఇంకో మాట మాట్లాడకు" అని చెప్పింది.

టేకేదారు పేరు రాజేశం. ఆయన మా అత్త బీడీలను పన్నెండేళ్ళుగా రోజూ చూస్తున్నాడు. ఈ సంగతి మా అత్తకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

బయటి వాళ్ళకు బీడీలన్నీ ఒక్కటే. చూసే వాళ్ళకు అలా కాదు. మూతి మడిచేటప్పుడు ఒకామె గోరుతో నొక్కుతుంది, ఒకామె ఇనుప పుల్లతో నొక్కుతుంది. ఒకామె దారం రెండు చుట్లు చుడుతుంది, ఒకామె మూడు. మా అత్త మడతలో చివర చిన్న సొట్ట పడేది. రాజేశం కట్ట విప్పి, ఒక బీడీ తీసి, కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది లచ్చవ్వ చెయ్యి," అన్నాడు. "నీ చెయ్యేది?"

"నేనే నేర్పిన సేటు," అంది మా అత్త. "గందుకే నా లెక్కనే ఉంటది."

"నెల రోజులల్ల నీ లెక్క చుడ్తె నిన్ను తీసేసి గీ పిల్లనే పెట్టుకుంట. ఏం పిల్లా, బీడీ అస్తదా?"

"రాదు," అన్నాను.

మా అత్త వెనక నుంచి గిల్లింది.

"మరి ఏమస్తది?"

"కండెలు చుట్టుడు అస్తది. తెగిన పోగు అతుకుడు అస్తది."

"దారం తెలిసిన చెయ్యన్నట్టు. కూసో."

ఇంటికి వచ్చే దారి పొడుగునా మా అత్త నన్ను తిట్టింది. "హరిశ్చంద్రుని మనుమరాలు దొరికింది నాకు," అంది. పని దొరికింది కదా అత్తా అన్నాను. "దొరికింది. నా ఇరవై అయిదు బీడీలు గాడనే ఉంచుకున్నడు" అంది. అది కూడా నిజమే.

ఇంటర్వ్యూ గురించి నాకు తెలిసినదంతా ఆ రోజే తెలిసింది. చూసేవాడు అడిగేది ఒక్కటే, నీ చెయ్యేది అని. రానిదాన్ని రాదు అనాలి. కానీ రాదు అని నోరు మూసుకుంటే ఇంటికి పంపుతారు. రాదు అన్న తర్వాత, వచ్చేదేదో చెప్పాలి.

రాజేశం పక్కన

ఏడెనిమిదేళ్ళకు రాజేశం చూపు మందగించింది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. "నర్సక్కా, నువ్వు గిట్ల పక్కకు కూసో" అన్నాడు అంతే. అప్పటి నుంచి కొత్తవాళ్ళను నేనే చూసేదాన్ని.

పిల్ల ఎలా చుడుతోందో నేను ముందుగా చూసేదాన్ని కాదు. ఆకు ఎలా కోస్తోందో చూసేదాన్ని. మంచి ఆకులన్నీ ముందే ఏరుకొని కోసే పిల్ల పొద్దున బాగా చేస్తుంది, మధ్యాహ్నానికి తన ముందు అంతా చిరుగు ఆకే మిగులుతుంది. చిరిగిన ఆకును తిప్పి, ఇంకో వైపు నుంచి ఒక ముక్క తీసే పిల్లను చూస్తే నాకు మనసు నిమ్మళమయ్యేది. చిరిగినదాన్ని ఆలోచించకుండా పారేసే పిల్లతో నేను మాట్లాడేదాన్ని కాదు.

ఇంకొక గుర్తు కత్తెర. కార్ఖానాలో కత్తెరలు ఉంటాయి. అయినా కొందరు తమ చేతికి అలవాటైన కత్తెరను సాన పెట్టించి వెంట తెచ్చుకుంటారు. తేలేదని ఎవరినీ పంపేదాన్ని కాదు. తెచ్చుకున్న వాళ్ళను మాత్రం ఎప్పుడూ పంపలేదు. ఒక్కసారి తప్ప. ఆ సంగతి తర్వాత వస్తుంది.

తోడు తెచ్చుకునే పిల్లలు ఎక్కువ. పేరేందమ్మా అంటే తల్లి చెప్పేది. ఎంత చదివినవ్ అంటే మేనమామ చెప్పేవాడు. అప్పుడు నేను ఆకు, తంబాకు పోసి బీడీలు చుట్టే చాటను తల్లి ముందుకు జరిపి "అయితె నువ్వే కూసో" అనేదాన్ని. కొందరు తల్లులు నిజంగానే కూర్చొని చుట్టడం మొదలుపెట్టేవారు.

రాజేశం గురించి కూడా చెప్పాలి. చేతి పని చూడడంలో ఆయనంత న్యాయమైన మనిషిని నేను చూడలేదు. పని బాగుందో లేదో కులం అడగకుండా, ఊరు అడగకుండా చెప్పేవాడు. కానీ బాగాలేవని తీసేసిన బీడీలను తిరిగి ఇచ్చేవాడు కాదు. వాటిని ఆయన ఎటు అమ్ముకుంటున్నాడో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు. నేను పక్కనే కూర్చొని కూడా అడగలేదు. అడగనందుకే నన్ను అక్కడ కూర్చోనిచ్చాడని ఇప్పుడు అనిపిస్తుంది. యజమాని దగ్గర నేర్చుకోవలసింది నేర్చుకోండి. అతను చేసేదంతా నేర్చుకోవద్దు.

ముత్యంపేట పిల్ల

ఇది నా తప్పు. పెద్దది.

ముత్యంపేట నుంచి ఒక పిల్ల వచ్చింది. పేరు స్వరూప. పద్దెనిమిదేళ్ళు నిండి కొన్ని నెలలైనట్టుంది. ఒక్కతే వచ్చింది. ఒడిలో చిన్న గుడ్డ మూట పెట్టుకొని కూర్చొని, తన కట్ట నా చేతికిచ్చింది. విప్పి చూశాను. ఆ చెయ్యి నాకు తెలుసు. ఆ ఊరి నుంచి, ఇంట్లోనే చుట్టే వాళ్ళ అమ్మ బీడీ కార్డు మీద వచ్చే బీడీలను నేను చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. మడత నున్నగా, దారం మూడు చుట్లు, ముడి ఎడమ వైపు.

"గిది మీ అమ్మ చెయ్యి," అన్నాను.

"కాదమ్మా, నాదే," అంది.

"నేను గీడ ఊరికెనే కూసున్ననా? మీ అమ్మ బీడీ నాకు తెల్వదా?"

"మా అమ్మ..." అని ఏదో చెప్పబోయింది. ఆ రోజు వెనక పదిమంది నిలబడి ఉన్నారు. అబద్ధం చెప్పే వాళ్ళను అందరి ముందు పట్టుకుంటే మిగతా వాళ్ళు బుద్ధిగా ఉంటారని నాకు ఒక నమ్మకం. "మొదటి రోజే దొంగ కట్ట తెచ్చినవ్. పో" అన్నాను. ఆ పిల్ల మూట తీసుకుంది. లేచి పోయింది. రాజేశం నన్ను మెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళ తర్వాత ఆ ఊరి ఆమె ఒకతి బీడీలు ఇవ్వడానికి వచ్చి మాటల్లో చెప్పింది. స్వరూప తల్లికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళూ తల్లి కార్డు మీద వచ్చిన బీడీలన్నీ ఆ పిల్ల చుట్టినవే. చిన్నప్పుడు తల్లి వెనక కూర్చొని, తన చేతుల్లో కూతురి చేతులు పట్టుకొని నేర్పింది. అందుకే మడత అదే, ముడి అదే. నాకు తెలుసనుకున్న చెయ్యి రెండేళ్ళుగా ఆ పిల్లదే.

మా అత్త రాజేశంతో చెప్పిన అబద్ధమే ఈ పిల్ల విషయంలో నిజమైంది. నేను దాన్ని అబద్ధమనే విన్నాను.

బస్సెక్కి ముత్యంపేట పోయాను. స్వరూప ఇంటి ముందు బట్టలు ఆరేస్తోంది. తల్లి లోపల మంచంలో ఉంది. నేను తప్పు జరిగిందని చెప్పి, వచ్చి పనిలో చేరమన్నాను.

"ఒక్క చాట ముందటేసి గంట సేపు కూసోవెడ్తె అయిపోవు గదమ్మా," అంది. "గప్పుడు తెలుస్తుండె గద, ఎవలి చెయ్యో."

"రా బిడ్డా, ఇప్పుడు కూసోవెడ్త."

"ఇప్పుడు వేరే పని దొరికింది. మంచి నీళ్ళు తాగుతరా?"

తాగి వచ్చాను. ఆ తర్వాత నేను కట్ట చూసి ఎవరినీ పంపలేదు. ముందు చాట ఇచ్చి కూర్చోబెట్టేదాన్ని. రాజేశం టైము పాడవుతోందని గొణిగేవాడు. గొణగనిచ్చాను.

ఈత, చదరంగం

ఇప్పుడు మా ఇంటి సంగతి. అఖిల మా కొడుకు కూతురు. కోరుట్లలోనే డిగ్రీ చదివింది. ఏడాదిగా ఇంట్లో ఉంది. మా కోడలు ఇప్పటికీ బీడీలు చుడుతుంది, కాని నడుము పోయింది, గంటకోసారి పడుకోవలసి వస్తుంది. జగిత్యాలలో ఒక ప్రైవేటు దవాఖానాలో కౌంటర్ దగ్గర పేషెంట్ల పేర్లు రాసుకునే ఉద్యోగం ఖాళీ పడింది. మా కొడుకు కూతురితో ఒక్కటే చెప్పాడు. ఇది రాకపోతే వచ్చే నెల నుంచి అమ్మ చాట ముందు నువ్వు కూర్చోవాలి.

బీడీ పని తక్కువ పని అని నేను అనను. ఈ ఇల్లు దాని మీదే నిలబడింది. కానీ నా వేళ్ళు ఇప్పుడు అన్నం ముద్ద కలపడానికి వంగవు. అఖిల వేళ్ళు ఇంకా వంగుతాయి.

బస్టాండ్ దగ్గర ఇంటర్నెట్ సెంటర్‌లో బయోడేటా తీయించుకొని వచ్చింది. చదవమన్నాను. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్పింది. అభిరుచులు, ఈత కొట్టుట, చదరంగం.

"ఈత ఎప్పుడు నేర్సుకున్నవే?"

"గది ఫార్మాట్ల ఉంటది నానమ్మా."

"చదరంగం?"

"గది సుత ఫార్మాటే."

"ఇంకేమున్నది?"

"నా బలహీనత, అవసరానికి మించి కష్టపడుట."

వంటింట్లో నుంచి మా కోడలు బయటికి వచ్చి కూతురిని ఒకసారి చూసి లోపలికి పోయింది.

"ఇది సెంటరాయన చెయ్యి," అన్నాను. "నీ చెయ్యేది?"

"ఇయ్యాల రేపు అందరు గిట్లనే పెడ్తరు. నీకు తెల్వది, ఊకో."

ఆ పిల్లను వెంటబెట్టుకొని మళ్ళీ సెంటర్‌కు పోయాను. అవి తీసెయ్యమంటే సెంటర్ ఆయన ఒప్పుకోలేదు.

"అవ్వా, హాబీలు లేకుంటె ఖాళీ కనవడ్తది."

"కనవడనీ."

"నేను అందరికి గదే పెడ్త. ఇంతవరకు ఎవ్వలు వద్దనలె."

"గింతమంది ఈతగాళ్ళున్నరని జగిత్యాల చెరువులకు తెల్సా?"

తీసేశాడు. కాగితంలో సగం తెల్లగా మిగిలింది. ఆ తెల్లదనం చూసి అఖిల ముఖం మాడ్చుకుంది.

ఇంటికి వచ్చి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. నేను రాజేశాన్ని. "ఏమస్తది నీకు?" అన్నాను. ఆ పిల్ల ఇంగ్లీషులో కంఠతా పట్టిన ముక్క ఆపకుండా చెప్పింది. మధ్యలో కోడలు పాలు పొంగుతున్నాయని కేకేస్తే ఆగింది, మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. మధ్య నుంచి రాదు.

"ఇంగ్లీషు పక్కకు పెట్టు. మన గల్లీల ఎవలికన్న కాగితం పనుంటె ఎవలి దగ్గరికి అస్తరు?"

"నా దగ్గరికే అస్తరు. గదేం పని?"

ఆ పని ఏమిటో నేను చూస్తూనే ఉన్నాను. మా గల్లీలో బీడీ చేసే ఆడవాళ్ళకు ఆధార్‌లో ఒక పేరు, బీడీ కార్డులో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు. పింఛను కాగితమైనా, పీఎఫ్ కాగితమైనా తిరిగి వచ్చేస్తుంది. అఖిల ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి, మూడు కార్డులూ పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ తప్పిందో చూసి, ఫోనులో నింపి పంపుతుంది. వాళ్ళలో సగం మందికి చెవులు సరిగా వినిపించవు. నాలుగేళ్ళుగా ఈ పని చేస్తోంది. దవాఖానా కౌంటర్‌లో చేయవలసింది అదే.

"గది చెప్పు," అన్నాను.

"గది చెప్తె నవ్వుతరు."

"నవ్వనీ. రానిది అడిగితె రాదను. తర్వాత గిది చెప్పు."

అఖిల మేనమామ ఫోను చేసి, ఆ దవాఖానాలో తనకు తెలిసిన కాంపౌండర్ ఉన్నాడు, ఒక మాట వేయిస్తానన్నాడు. అది కూడా అత్త చుట్టిన కట్టే. దొరికితే దొరుకుతుంది. తర్వాత రోజూ చుట్టవలసింది మాత్రం నీ చేత్తోనే. వద్దన్నాను. కొత్త డ్రెస్సు కూడా వద్దన్నాను. ఉన్నదాన్ని ఉతికి ఇస్త్రీ చేయించాం. కొత్త చెప్పులు కాలు కొరుకుతాయి, అడిగేవాడు ప్రశ్న అడుగుతుంటే నీ ధ్యాస మడమ మీద ఉంటుంది. ముందు రోజే బస్సులో జగిత్యాల పోయి దారి చూసి రమ్మన్నాను. ఆ చార్జీలు దండుగ కావు. ఈ మాట నా నోటి నుంచి వచ్చిందని మా కొడుకు ఆశ్చర్యపోయాడు.

బల్ల మీద

తోడు పోవద్దని జీవితమంతా చెప్పిన మనిషిని, ఆ రోజు నేనే తోడు పోయాను. లోపలికి పోలేదు. బయట బల్ల మీద కూర్చున్నాను. ఇంకో అయిదారుగురు పిల్లలు ఉన్నారు. నా పక్కనున్న పిల్ల ఒడిలో కాగితం మీద ఏముందని అడిగితే చదివి చెప్పింది. ఈత, చదరంగం. దాని పక్క పిల్లకూ అదే. ఎవరిది కోరుట్ల అని అడిగాను. ఇద్దరిదీ కోరుట్లే. నీ చెయ్యేది అని అడగబుద్ధయింది. అడగలేదు. నేను పని మానేసి చాలా ఏళ్ళయింది.

అఖిల లోపలికి పోయి తొందరగానే వచ్చింది. నా దగ్గర ఆగకుండా గేటు దాటింది. బస్సెక్కి కూర్చున్న తర్వాత అడిగాను.

"ఏమడిగిన్రు?"

"వాళ్ళది ఒక సాఫ్ట్‌వేర్ ఉన్నదట. అస్తదా అన్నది మేడం."

"నువ్వేమన్నవ్?"

"రాదన్న. నా కంటె ముందు పోయినామె అస్తదన్నదట, బయట చెప్పింది. నువ్వే గద రాదనుమన్నవ్."

నేనే అన్నాను. అందులో అబద్ధం లేదు.

"తర్వాత?"

"మరి ఏమస్తది అన్నది."

"చెప్పినవా?"

"చెప్పిన. కార్డుల ముచ్చట మొత్తం చెప్పిన. నవ్వింది."

"ఎట్ల నవ్వింది?"

"ఎట్లంటె ఎట్ల చెప్పాలె నానమ్మా. నవ్వింది. సరే, ఫోన్ చేస్తం పో అన్నది."

ఫోన్ చేస్తం పో అనే మాటను నేను ఎంతమందితో ఏయే రూపాల్లో అన్నానో నాకు తెలుసు. ఇంటికి వచ్చాక మా కోడలు అన్నం పెట్టింది. మూలకున్న రెండో చాటను మా కొడుకు దులిపి గోడకు ఆనించాడు. కావాలని చేశాడని నేను అనను. దుమ్ము పట్టి ఉంది, దులిపాడు.

ఆ రెండు రోజులూ నాకు ఒకటే ఆలోచన. కాలం మారింది, సాఫ్ట్‌వేర్ వస్తుందన్న పిల్లే గెలుస్తుందేమో. బీడీల దగ్గర నేర్చుకున్నదాన్ని పట్టుకొని ఒక పిల్ల నోటి దగ్గరిది తీసేశానేమో. ఒకసారి చేసినదాన్ని ఇంకోసారి చేయనని ఏముంది.

మూడో రోజు ఫోను వచ్చింది. ఆ మేడం ఇద్దరు పిల్లలను ఎంచుకుందట. మూడేసి రోజులు ఒక్కొక్కరిని కౌంటర్‌లో కూర్చోబెట్టి చూస్తాం, తర్వాత ఒకరికి చెప్తాం అన్నదట.

"అంటె ఇచ్చినట్టా, ఇయ్యనట్టా?" అన్నాడు మా కొడుకు.

"చాట ముందటేసిన్రు," అన్నాను.

ఇది రాస్తున్నది ఆ మూడు రోజుల్లో రెండో రోజు సాయంత్రం. అఖిల ఇప్పుడే బస్సు దిగి వచ్చింది. ఇవాళ ఒకామె పేరు లచ్చవ్వ అని చెప్పిందట, కార్డులో లక్ష్మి అని ఉందట, పాత చీటీలో ఇంకేదో ఉందట. మూడూ పక్కపక్కన పెట్టి చూశానంది. మేడం వెనక నిలబడి చూసి పోయిందట. ఏమన్నది అని అడిగాను. ఏమీ అనలేదట.

రేపు ఒక్క రోజు ఉంది. రెండో పిల్ల కూడా మంచి పిల్లే అయి ఉంటుంది. ఎవరిని ఉంచుతారో నాకు తెలియదు. ఎవరిని ఉంచినా, ఆ మేడం నాకంటే తెలివైన మనిషి. చూసి చెబుతుంది, చూడకముందు చెప్పలేదు.

నిన్న పొద్దున పోయేటప్పుడు అఖిల తన పెన్నును గీకి చూసుకొని సంచిలో పెట్టుకుంది. అక్కడ వాళ్ళే ఇస్తారు కదా అన్నాడు మా కొడుకు. ఆ రోజు స్వరూప ఒడిలో ఉన్న మూటలో కత్తెర ఉంది. సాన పెట్టించినది. గుడ్డ చివర నుంచి దాని కొస కనిపించింది. చూసి కూడా పొమ్మన్నాను.